గోల్ కొట్టేవాడు వెళ్లిపోయాక

ఛత్తీస్‌గఢ్ దక్షిణ బస్తర్‌లో, బీజాపూర్ జిల్లా తర్రెంలో పుట్టిన కుర్రాడికి దేశంలోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అన్నిటికన్నా దగ్గరిది నిన్నమొన్నటి దాకా హైదరాబాద్ ఎఫ్‌సీ. రాయ్‌పూర్‌లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) జట్టు లేదు. జట్టున్న భువనేశ్వర్ చాలా దూరం. తర్రెం దగ్గర్లోని బాసగూడను ఒరుసుకుని పారే తాలిపేరు నది కిందికి దిగి చర్ల మండలంలో తెలంగాణ పొలాలకు నీళ్లిస్తుంది. దక్షిణ బస్తర్ జనం ఏటా మిరప కోతలకు ఆ వైపు నుంచే భద్రాచలం, ఖమ్మం ప్రాంతాలకు వస్తారు. పని కోసం వచ్చేవాళ్లకు అలవాటైన ఈ దారి ఆట కోసం వచ్చేవాళ్లకూ దారి కావలసింది. కాలేదు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా దేశ రాజధానికి తరలిపోయింది.

అదే ఏడాది డిసెంబర్ 13న ఉప్పల్ స్టేడియానికి లియోనెల్ మెస్సి వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బంతి తన్నారు, అభిమానులు టిక్కెట్లు కొని గ్యాలరీలు నింపారు. ఐఎస్‌ఎల్ జట్టును పోగొట్టుకున్న కొద్ది వారాలకే ఆ నగరం ప్రపంచ విజేత కోసం అంతగా తరలివచ్చింది. ఆటంటే అభిమానం లేక జట్టు పోయిందని ఆ సాయంత్రం చూసినవాళ్లెవరూ అనరు. మరి ఎందుకు పోయింది? నా మటుకు జవాబు ఒక స్ట్రైకర్ రాకలోనూ, అతని పోకలోనూ, ఆ రెంటి మధ్యా పైసలు నడిచిన తీరులోనూ ఉంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మూతపడిన పుణె సిటీ క్లబ్బు స్థానాన్ని తీసుకుని విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దీన్ని మొదలుపెట్టారు. తొలి సీజన్ 10 పాయింట్లతో అట్టడుగున ముగిసింది. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి కుర్రాళ్లను నమ్మి జట్టు కట్టాడు. 2020-21లో గోల్స్ భారం మోసింది స్పెయిన్ స్ట్రైకర్ అరిడానే సంటానా. ఆ సీజన్‌లో అతను 10 గోల్స్ కొట్టాడు, జట్టు అయిదో స్థానంలో నిలిచింది. సీజన్ అయిపోగానే అరిడానే ఒడిశా క్లబ్బుకు వెళ్లిపోయాడు. అదే వేసవిలో వింగ్ మీద మెరుపులా దూసుకెళ్లే లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్ ఎగరేసుకుపోయింది. బదిలీ రుసుము దాదాపు కోటి రూపాయలని అప్పటి వార్తలు చెప్పాయి. భారతీయ ఆటగాడికి అది రికార్డు.

పెద్ద స్ట్రైకర్ పోగానే క్లబ్బు మీద రెండు వైపుల నుంచి ఒత్తిడి వస్తుంది. అభిమానులు వెంటనే పేరున్నవాణ్ని తెమ్మంటారు. ఖజానా చూసేవాళ్లు ఉన్నవాళ్లతోనే నెట్టుకురమ్మంటారు. హైదరాబాద్ ఆ వేసవిలో తీసుకున్న నిర్ణయం ఈ దేశపు ఫుట్‌బాల్ వ్యాపారంలో తెలివైన కొనుగోళ్లలో ఒకటి. నైజీరియా తరఫున 2002 ప్రపంచకప్ ఆడిన బార్తలోమ్యూ ఓగ్బెచేను తెచ్చుకుంది. వయసు 36 దాటుతోంది, కాళ్లలో వేగం తగ్గింది. అంతకు ముందు నార్త్‌ఈస్ట్, కేరళ, ముంబయి జట్లకు ఆడి వచ్చాడు. ఒప్పందం ముగిసిన ఆటగాడు కాబట్టి పాత క్లబ్బుకు రుసుము కట్టే పని లేదు, జీతం ఇస్తే చాలు. 2021-22లో అతను 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసి పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. కప్పు హైదరాబాద్‌కు వచ్చింది.

ఓగ్బెచే గోల్స్‌ను కాస్త దగ్గరగా చూడాలి. బంతిని మైదానం మధ్య నుంచి లాక్కుపోయి ఆరుగురిని తప్పించి కొట్టే రకం కాడు అతను. పెనాల్టీ బాక్సులో డిఫెండర్ భుజానికి భుజం ఆనించి నిలబడతాడు. పక్క నుంచి క్రాస్ వచ్చే క్షణంలో ఒకటిన్నర అడుగు వెనక్కి జారతాడు. ఆ ఖాళీలోనే గోల్ ఉంది. అయితే ఆ క్రాస్ ఎవరో వెయ్యాలి కదా! కుడివైపు ఆశిష్ రాయ్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా ఇరవై ఏళ్ల ఈడు కుర్రాళ్లు. ఫుల్‌బ్యాక్‌లుగా ఆడుతూ తొంభై నిమిషాలూ గీత వెంట పరుగెత్తి ఆ బంతులు అందించారు. స్కోరుబోర్డు మీద వెలిగిన పేరు ఒకటి, దాని వెనక పనిచేసిన కాళ్లు ఎన్నో. ఈ కుర్రాళ్లను 2022లో ఒకర్ని మోహన్ బగాన్, 2023లో ఒకర్ని ముంబయి సిటీ తీసుకుపోయాయి. స్ట్రైకర్ పోయినప్పుడు ఊరంతా గగ్గోలు పెడుతుంది. ఫుల్‌బ్యాక్ పోతే పత్రికలో లోపలి పేజీ వార్త. నా లెక్కలో హైదరాబాద్ పతనం మొదలైంది ఆ లోపలి పేజీ వార్తలతోనే.

2022-23లోనూ జట్టు 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది, ఓగ్బెచే 10 గోల్స్ కొట్టాడు. 2023 వేసవిలో అతనూ, కోచ్ మార్కెజ్‌తో పాటు మరికొందరు ఆటగాళ్లూ వెళ్లిపోయారు. క్లబ్బు కొత్త విదేశీయులను తెచ్చింది. కానీ తెచ్చినవాళ్లకూ, ఉన్నవాళ్లకూ జీతాలు ఆగిపోయాయి. అంతకన్నా పెద్ద దెబ్బ మరోటి తగిలింది. వెళ్లిపోయిన ఓగ్బెచేకు ఇవ్వాల్సిన బకాయిల విషయం ఫిఫా దాకా పోయింది. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. 2024 జనవరిలో జట్టు సగానికి సగం ఖాళీ అయింది. విదేశీయులు ఒక్కొక్కరే విమానం ఎక్కారు, భారతీయులు ఇతర క్లబ్బులకు సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లను వెంటబెట్టుకుని కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు. 8 పాయింట్లు. రెండేళ్ల కిందట చాంపియన్ అయిన జట్టు ఇది.

బదిలీల ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు మనం కొత్తవాడికి ఎంత పెట్టారన్నదే చూస్తాం. హైదరాబాద్ కథలో అసలు లెక్క పాతవాడి దగ్గర మిగిలిపోయింది. వెళ్లిన స్ట్రైకర్‌కు ఇవ్వని జీతం రాబోయే స్ట్రైకర్‌కు తలుపు మూసేసింది. అప్పటి ఐఎస్‌ఎల్‌లో ఒక జట్టు మొత్తం జీతాలకు 16.5 కోట్ల రూపాయల పరిమితి ఉండేది, విదేశీయులు ఆరుగురికి మించకూడదు. ఈ నియమాలు క్లబ్బులు ఒకదాన్ని చూసి ఒకటి ఎగబడి ఖర్చు చేయకుండా పెట్టినవి. మంచివే. కానీ పరిమితి పెట్టినంత శ్రద్ధగా, ఆ పరిమితిలోపు ఒప్పుకున్న జీతాన్ని నెలనెలా ఇస్తున్నారా అని ఎవరు చూశారు? సీజన్ మొదలవకముందే ఏడాది జీతాల మొత్తానికి బ్యాంకు పూచీ తీసుకుని ఉంటే ఆ క్లబ్బు 2023లో తన స్తోమతకు తగ్గ చిన్న జట్టుతోనే బరిలో దిగేది. పాయింట్లు తగ్గేవి, క్లబ్బు మిగిలేది.

యూరప్‌లో రొక్కం కొరత లేని క్లబ్బులు సైతం ఇదే చోట తడబడ్డాయి. 2014లో లివర్‌పూల్ లీగ్‌లో 31 గోల్స్ కొట్టిన లూయిస్ సువారెజ్‌ను బార్సిలోనాకు అమ్మింది. వచ్చిన డబ్బుకు మరికొంత కలిపి 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి లాలానా, లోవ్రెన్, మార్కోవిచ్, బలొటెల్లి తదితరులను తెచ్చుకుంది. బలొటెల్లి ఆ సీజన్ లీగ్‌లో ఒకే ఒక్క గోల్ కొట్టాడు. ముందటి ఏడు 101 గోల్స్‌తో రెండో స్థానంలో ఉన్న జట్టు 52 గోల్స్‌తో ఆరో స్థానానికి జారింది. సువారెజ్ అంతకు ముందు కొట్టినవి 31, జట్టు మొత్తం మీద తగ్గినవి 49. అంటే అతను కొట్టిన గోల్స్‌తో పాటు అతని వల్ల ఇతరులు కొట్టగలిగిన గోల్స్ కూడా పోయాయి. బజారులో స్ట్రైకర్ దొరుకుతాడు గానీ అతని చుట్టూ అల్లుకున్న ఆట దొరకదు.

టాటెన్‌హామ్ కథ మనకు ఇంకా పనికొచ్చేది. 2013లో ఆ క్లబ్బు గారెత్ బేల్‌ను రియల్ మాడ్రిడ్‌కు అప్పటి ప్రపంచ రికార్డు ధరకు అమ్మింది. బేల్ పేరుకు వింగర్, కానీ అమ్మడానికి ముందటి సీజన్ లీగ్‌లో 21 గోల్స్ అతనివే. ఆ సొమ్ముతో ఒకే వేసవిలో ఏడుగురిని కొన్నారు. స్ట్రైకర్‌గా వచ్చిన సోల్డాడో లీగ్‌లో ఆరు గోల్స్‌తో సరిపెట్టాడు. డిసెంబర్‌లోనే కోచ్ ఉద్యోగం ఊడింది. ఏడుగురిలో తిరుగులేకుండా నిలబడింది తక్కువ ధరకు వచ్చినవాళ్లలో ఒకడైన ఎరిక్సన్. ఇంతలో, పదకొండేళ్ల వయసులో అదే క్లబ్బు అకాడమీలో చేరి, కింది స్థాయి జట్లకు అద్దెకు వెళ్లొస్తూ ఎవరి కంటా పడని హ్యారీ కేన్ 2014-15లో లీగ్‌లో 21 గోల్స్ కొట్టాడు. బేల్‌కు అసలైన బదులు ఆ ఏడుగురిలో లేడు, పదేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. 2023లో బయెర్న్ మ్యూనిక్ అతణ్ని దాదాపు 10 కోట్ల యూరోలు పెట్టి కొనుక్కుంది.

ఖాతా పుస్తకాల్లో ఈ తేడా ఎలా కనిపిస్తుందో చెప్పాలి. 100 కోట్లకు ఆటగాణ్ని కొని అయిదేళ్ల ఒప్పందం రాసుకుంటే, క్లబ్బు ఏడాదికి 20 కోట్ల చొప్పున ఖర్చు చూపిస్తుంది. అతను గాయపడి కూర్చున్నా సరే ఆ 20 కోట్లు ఏటా పడుతూనే ఉంటాయి. కొన్ని క్లబ్బులు ఏడెనిమిదేళ్ల ఒప్పందాలు రాసి ఏటి భారాన్ని తగ్గించి చూపుతుంటే, 2023లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం లెక్కను అయిదేళ్లకు మించి సాగదీయడానికి వీల్లేదంది. అదే సొంత అకాడమీ కుర్రాడి పేరున కొనుగోలు ఖర్చు సున్నా. అమ్మితే వచ్చేదంతా లాభం. ఇంత స్పష్టంగా కాగితం మీద కనిపించే లాభాన్ని మన తెలుగు రాష్ట్రాల క్లబ్బులు, సంఘాలు, ప్రభుత్వాలు ఎందుకు పట్టించుకోవడం లేదన్నదే నా బాధ.

ఒకప్పుడు హైదరాబాద్ దగ్గర సొంతంగా ఆటగాళ్లను తయారుచేసుకునే పద్ధతి ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకూ, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకూ ఆయనే కోచ్. ఆటగాడికి ఉద్యోగం ఉండేది, ఒకటో తారీఖున జీతం అందేది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ వాతావరణంలోనే ఎదిగాడు. మెల్‌బోర్న్‌లో ఆడి వచ్చిన మరుసటి ఏడు, 1957లో, ఈస్ట్ బెంగాల్ అతణ్ని కలకత్తా తీసుకుపోయింది. ఫార్వర్డ్ పోయినా హైదరాబాద్ కూలలేదు. ఆ రోజుల్లోనే వరుసగా రెండేళ్లు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఒకడు పోతే ఆ స్థానంలోకి వచ్చేందుకు బస్తీ మైదానాల్లో మరికొందరు తయారుగా ఉండేవారు. 1963లో రహీం కన్నుమూశారు. మైదానాలు ఒకటొకటిగా తరిగిపోయాయి. ఇవాళ నగరంలో సొంత మైదానంతో నిలబడ్డ క్లబ్బు శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. పేరు తక్కువ వినిపించినా సక్రమంగా నడిచే క్లబ్బు ఎంత దూరం పోగలదో అది చూపించింది.

2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో, హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన ఆ బాలయోగి స్టేడియంలోనే, సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ తలపడ్డాయి. ఆట ముగుస్తోందనగా ఇంజురీ టైంలో బెంగాల్ స్ట్రైకర్ రొబి హాంస్దా గోల్ కొట్టాడు. బెంగాల్‌కు 33వ టైటిల్, ఆ టోర్నీలో అతనికి 12వ గోల్. హాంస్దా బర్ధమాన్ వైపు పల్లె నుంచి వచ్చిన సంతాల్ ఆదివాసీ. ఆదివాసీ ఇంటి పిల్లవాడు గోల్స్ వేటలో దేశమంతటినీ మించిపోయాడు. అతణ్ని మన నగరానికి ఎవరూ కోట్లు పోసి తేలేదు. బెంగాల్‌లో జిల్లా లీగులు, కోల్‌కతా మైదాన్ క్లబ్బులు ఏళ్లుగా నడుస్తున్నాయి కనుక, మెట్టు తర్వాత మెట్టు ఉంది కనుక ఎక్కి వచ్చాడు.

మరి తర్రెం పిల్లవాడికి మొదటి మెట్టు ఎక్కడుంది? ఈ ఊరి పేరు తెలుగు పత్రికల పాఠకులకు ఎక్కువగా 2021 ఏప్రిల్ 3తోనే గుర్తు. ఆ రోజు ఇక్కడికి దగ్గర్లోని టేకులగూడ, జోనగూడ అడవుల్లో మావోయిస్టులతో ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి నెలలో సిల్గేర్‌లో భద్రతా దళాల క్యాంపు దగ్గర కాల్పుల్లో గ్రామస్తులు ప్రాణాలు కోల్పోయారు. 2005లో మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం మొదలైనప్పటి నుంచి బీజాపూర్ జిల్లాలో ఎన్నో పల్లె బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటింది, అంటే స్ట్రైకర్‌కు సరిగ్గా జట్టులోకి రావలసిన ఈడు. బంతిని కాలికి అలవాటు చేసుకునేది ఎనిమిది, పద్నాలుగేళ్ల మధ్య. ఆ ఏళ్లు ఈ తరానికి బడి లేకుండా, మైదానం లేకుండా, భయంలో గడిచాయి. ఎంత డబ్బు పోసినా వాటిని వెనక్కి తేలేం. వాళ్ల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మాత్రం ఇంకా సమయం ఉంది.

బస్తర్‌లో ఫుట్‌బాల్ లేదనుకుంటే పొరపాటు. నారాయణపూర్‌లో రామకృష్ణ మిషన్ ఆశ్రమం 1985 నుంచి అబూజ్‌మాడ్ పిల్లలకు చదువుతో పాటు ఆట నేర్పుతోంది. 2024లో స్వామి వివేకానంద పేరిట 20 ఏళ్ల లోపు జాతీయ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ జరిగింది ఆ ఆశ్రమ మైదానంలోనే. దేశం నలుమూలల జట్లు అబూజ్‌మాడ్ అంచుకు వచ్చి ఆడి వెళ్లాయి. అదే ఏడాది చివర్లో తొలి బస్తర్ ఒలింపిక్స్‌లో 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఆ పోటీల్లో ఫుట్‌బాల్ కూడా ఉంది. ఏడాదికోసారి జరిగే పోటీ పిల్లవాణ్ని వెలికితీస్తుంది, ఆటగాణ్ని తయారుచేయలేదు. బస్తర్ ఒలింపిక్స్ నుంచి మరుసటి ఒలింపిక్స్ దాకా ఉన్న పదకొండు నెలల్లో వారానికి ఒక మ్యాచ్ ఆడించే జిల్లా లీగు కావాలి. హైదరాబాద్ పోలీసు జట్టు తరహాలో ఇక్కడా పోలీసు కొలువు ఇచ్చి ఆడించమని కొందరు సలహా ఇస్తారు. బస్తర్‌లో ఆ కొలువు అంటే తుపాకీ పట్టి సొంత అడవిలోకే వెళ్లడం. గోల్ కొట్టడం వచ్చిన పిల్లవాడి ముందు అదొక్కటే దారిగా పెట్టడానికి నా మనసు ఒప్పదు. బడి, అటవీ శాఖ, విద్యుత్తు, బ్యాంకు ఏదైనా సరే, వేరే జీతం దొరకాలి.

క్లబ్బుల బదిలీ సొమ్ములోనూ ఈ పల్లెలకు రావలసిన వాటా ఒకటుంది. ఆటగాడు ఒప్పందం నడుస్తుండగా దేశం దాటి మరో క్లబ్బుకు అమ్ముడైతే, ఆ రుసుములో 5 శాతం అతను 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఆడిన క్లబ్బులన్నిటికీ పంచాలని ఫిఫా నియమం. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత అర శాతం. దేశంలోపలి బదిలీలకూ ఇదే సూత్రాన్ని ఖచ్చితంగా అమలు చేస్తే లెక్క ఇలా ఉంటుంది. తర్రెం, బాసగూడ పిల్లలకు ఒక క్లబ్బు ఉందనుకుందాం. అక్కడ 12 నుంచి 15 దాకా నాలుగేళ్లు ఆడిన పిల్లవాడు తర్వాత ఎక్కడో పెరిగి, లిస్టన్ కొలాసోలా కోటి రూపాయలకు బదిలీ అయితే, ఆ పల్లె క్లబ్బుకు లక్ష రూపాయలు వస్తాయి. పెద్ద క్లబ్బు పద్దులో ఆ లక్ష కనిపించను కూడా కనిపించదు. పల్లె క్లబ్బుకు అది ఏడాది పాటు బంతులు, బూట్లు, జగ్‌దల్‌పూర్ దాకా బస్సు ఛార్జీలు.

ఈ వాటా రావాలంటే పిల్లవాడి పేరు 12వ ఏటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కంప్యూటర్ నమోదులో, ఆ పల్లె క్లబ్బు పేరుతో ఎక్కి ఉండాలి. పుట్టిన తేదీ పత్రం కావాలి, ఫోటో కావాలి, క్లబ్బుకు గుర్తింపు కావాలి. బడి లేని ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ మొదటి కాగితమే దొరకదు. క్యాంపుల వెంట రోడ్లు వస్తున్నాయి, బడులు మళ్లీ తెరుచుకుంటున్నాయి. ఆ బడుల్లో పేర్లు ఎక్కించే రోజే ఆటకు కూడా పేర్లు ఎక్కించడం పెద్ద పనేమీ కాదు. బీజాపూర్ జిల్లా యంత్రాంగం, ఛత్తీస్‌గఢ్ ఫుట్‌బాల్ సంఘం కలిసి వచ్చే విద్యా సంవత్సరం జూన్‌లోనే ఉసూర్ బ్లాకుతో మొదలుపెట్టవచ్చు.

తెలంగాణ వైపు నుంచి కూడా ఒక పని జరగాలి. మెస్సి కోసం ఉప్పల్ తలుపులు తెరిచిన ప్రభుత్వం, హైదరాబాద్‌కు మళ్లీ అగ్రశ్రేణి జట్టు కావాలనుకుంటే, అడుగుపెట్టే యజమానిని రెండు విషయాలు అడగాలి. ఏడాది జీతాల సొమ్ము ముందుగా బ్యాంకులో చూపించారా? భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలోని పిల్లలకూ, గోదావరి అవతలి బస్తర్ పిల్లలకూ మీ అకాడమీలో ఎన్ని సీట్లు? స్ట్రైకర్ ఎవరన్నది ఆ రెంటికీ జవాబు వచ్చాక అడిగినా ఆలస్యం కాదు.